గంట కొట్టిన తర్వాత



2009 డిసెంబరు 13, ఆదివారం. ఆ మధ్యాహ్నం మూడింటికి ఎక్కడి చర్చివాళ్లు అక్కడ గంట మోగించాలని ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి పిలుపునిచ్చింది. పదో పాతికో సార్లు కొట్టి ఊరుకోవడం కాదు, లెక్కపెట్టుకుని 350 సార్లు కొట్టాలి. అందరికంటే ముందు పొద్దు పొడిచే పసిఫిక్ దీవుల్లో మోత మొదలవుతుంది. గడియారం ముల్లుతో పాటు పడమటికి జరుగుతూ, ఆసియా, ఆఫ్రికా, ఐరోపా దాటి గ్రీన్‌లాండ్ చేరుతుంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో అప్పుడు ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు జరుగుతోంది. ఆ సదస్సు చెవిన పడాలని ఈ గంటలు.

350 ఎందుకంటే, గాలిలో కార్బన్ డయాక్సైడు పది లక్షల పాళ్లకి 350 పాళ్లు మించకుండా ఉంటేనే భూమికి క్షేమమని జేమ్స్ హాన్సెన్ వంటి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ గంటలు మోగే వేళకే అది 385 దాటిపోయింది. ఇవాళ 420 కూడా దాటింది.

అదే రోజు కోపెన్‌హేగెన్ పెద్ద చర్చిలో ఆరాధన జరిగింది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ వాక్యం చెప్పారు, డెన్మార్క్ రాణి వచ్చి కూర్చున్నారు. బలిపీఠం దగ్గరికి మామూలుగా రొట్టె, ద్రాక్షరసం తెస్తారు. ఆ రోజు ఇంకో మూడు కూడా తెచ్చారు. మంచు కరిగిపోగా గ్రీన్‌లాండ్‌లో బయటపడ్డ రాళ్లు, పసిఫిక్ సముద్రంలో రంగు పోయి తెల్లబడ్డ పగడాలు, ఆఫ్రికా చేలల్లో గింజ పట్టకుండానే ఎండిన మొక్కజొన్న కంకులు. ఆ రోజే దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు, అయిదు లక్షలకు పైగా సంతకాలున్న విజ్ఞాపనను ఐక్యరాజ్యసమితి అధికారి ఇవో డి బోయర్ చేతికిచ్చారు.

తర్వాత ఏమైంది? సదస్సు నీరుగారిపోయింది. ఎవరినీ కట్టడి చేయని ఒక కాగితం రాసుకుని దేశాధినేతలు విమానాలెక్కారు.

మరి అన్ని గంటలు కొట్టి ఏం లాభం? ఈ ప్రశ్న నాస్తికులే కాదు, చర్చిలో ముందు వరసలో కూర్చునేవాళ్లూ అడిగారు. దీనికి నా జవాబు ఒకటుంది గానీ, ముందు కొంత కథ చెప్పుకోవాలి.

సృష్టి కోసం చేసే ఈ ప్రార్థనలకి క్యాలెండర్‌లో ఒక చోటు ఉంది. 1989లో కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్కు, అంటే ఆర్థడాక్స్ క్రైస్తవుల పెద్ద, మొదటి దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని అందుకు కేటాయించారు. వాళ్లకి ఆ రోజు సంఘ సంవత్సరాది. పక్షులతో, పశువులతో మాట్లాడాడని చెప్పుకునే అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగ అక్టోబరు 4న వస్తుంది. ఈ రెండు తేదీల నడుమ రోజులన్నిటినీ సృష్టి కాలంగా పాటించమని 2008లో ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి కోరింది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ కథోలికులకూ సెప్టెంబరు 1ని ప్రార్థనా దినం చేశారు. వేరు వేరు బోధలతో వందల ఏళ్లుగా తగవులాడుకున్న మూడు పెద్ద శాఖలు ఒక తేదీ మీద ఏకం కావడం చిన్న సంగతి కాదు. ఈస్టరు తేదీ మీద ఇప్పటికీ వాళ్లకి ఏకాభిప్రాయం లేదు మరి!

తేదీ కుదరడం కంటే ముఖ్యమైన మార్పు ప్రార్థన లోపల జరిగింది. దిమిత్రియోస్ తర్వాత వచ్చిన పేట్రియార్కు బర్తొలొమేయు 1997లో అమెరికాలోని శాంటా బార్బరాలో మాట్లాడుతూ, ప్రకృతికి చేసే ద్రోహం పాపమేనన్నారు. అడవులు నరికేయడం, నీటినీ గాలినీ విషం చేయడం, వాతావరణాన్నే మార్చేయడం ఇవన్నీ పాపాల జాబితాలోకి వచ్చాయి. అంతవరకు పాపమంటే అబద్ధం, దొంగతనం, వ్యభిచారం. పొగగొట్టం ఆ వరసలో ఎప్పుడూ లేదు.

మన ఊళ్ల చర్చిలు తెలిసినవాళ్లకి ఈ తేడా బాగా అర్థమవుతుంది. మన దగ్గర కోత పండుగ ఉంది, ప్రథమ ఫలాల అర్పణ ఉంది. వడ్లు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు బలిపీఠం ముందు చేరతాయి. ఆరాధన అయ్యాక వేలం పాట. బజారులో ఎవరూ అడగని సొరకాయకి ఆ పూట ఎక్కడలేని ధర పలుకుతుంది. వానలు మొహం చాటేస్తే ఉపవాస ప్రార్థన పెడతారు, వాన పడితే కృతజ్ఞత కూటం. అంటే వాతావరణం గురించి ప్రార్థించడం మనకి కొత్త కాదు. అయితే ఆ ప్రార్థనలన్నీ అడగడం గానీ, వందనాలు చెప్పుకోవడం గానీ. వాన రాకపోవడంలో మనుషుల చెయ్యి ఉండొచ్చని, ఉంటే దాన్ని ఒప్పుకోవాలని అందులో ఎక్కడా ఉండదు. కొత్త ప్రార్థనల్లో ఉన్నది ఆ ఒప్పుకోలే. 2025 జులైలో వాటికన్ సృష్టి పరిరక్షణ కోసం ప్రత్యేకంగా ఒక పూజా క్రమాన్నే విడుదల చేసింది. కొద్ది రోజులకే పోప్ లియో దాన్ని అనుసరించి పూజ చేశారు.

పాపం అన్నాక పాపి ఎవరో తేలాలి కదా. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ చిక్కు అన్నిటికంటే ముందు ఎదురైంది పసిఫిక్ దీవులవాళ్లకి.

తువాలు అని ఒక దేశం ఉంది. సుమారు 11 వేలమంది జనం, తొమ్మిది చిన్న చిన్న దీవులు. ఎంత ఎత్తయిన చోట నిలబడ్డా సముద్రానికి అయిదు మీటర్ల పైన ఉండరు. దాదాపు దేశమంతా ఒకే సంఘం, అందరూ ఆదివారం గుడికి వెళ్లేవాళ్లే. అక్కడి ముఖ్యాహారాల్లో పులాకా అని చేమలాంటి ఒక దుంప ఉంది. పగడపు నేలలో లోతుగా గుంటలు తవ్వి, అడుగున ఊరే మంచినీటి చెమ్మలో దాన్ని పండిస్తారు. సముద్రం పెరిగేకొద్దీ ఆ గుంటల్లోకి కింద నుంచి ఉప్పునీరు ఎక్కుతోంది. వేళ్లు కుళ్లిపోతున్నాయి. పెద్ద పోటు వచ్చిన రోజుల్లో ఇళ్ల మధ్య నేలలోంచే నీళ్లు ఉబుకుతాయి.

వలస గురించి, కట్టల గురించి మాట్లాడదామని బయటివాళ్లు వెళ్తే ఊరి పెద్దల్లో చాలామంది ఒకే మాట చెప్పారు. నోవహుకి దేవుడు మాట ఇచ్చాడు, ఇంకెప్పుడూ జలప్రళయం రాదని ఇంద్రధనుస్సు సాక్షిగా చెప్పాడు, కాబట్టి మాకు భయం లేదు అని. ఆ మాటని మూఢనమ్మకమని తీసిపారేసినవాళ్లు అక్కడ ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేకపోయారు. దానికి లోపలి నుంచే, వాక్యంలోంచే జవాబు చెప్పింది ఆ దీవుల పాస్టర్లే. దేవుడు తన మాట తప్పలేదయ్యా, ఈ వరద ఆయన పంపింది కాదు, దూరదేశాల ఫ్యాక్టరీలు, కార్లు పంపింది, ఆయన వాగ్దానాన్ని భంగపరుస్తున్నది మనుషులు అన్నారు. చూడండి, ఒక్క మలుపుతో నోవహు కథలోని ఓదార్పు కాస్తా ఫిర్యాదు అయిపోయింది. నేను చదివిన వేదాంత వాదాల్లో ఇంత సూటిగా పనిచేసింది ఇంకొకటి గుర్తుకురావడం లేదు.

2004 మార్చిలో పసిఫిక్ చర్చిల ప్రతినిధులు కిరిబాటి దేశంలో కూడి ఒతిన్ తాయ్ ప్రకటన చేశారు. వాతావరణ మార్పు మనుషుల పనేనని అందులో స్పష్టంగా రాసి, ధనిక దేశాల సోదర సంఘాలారా, ముందు మీ దేశాల్లో ఈ పొగకి కారణాలు తగ్గించండి అని కోరారు. ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది. అప్పటికి పెద్ద దేశాల చర్చిల్లో చాలావాటికి ఈ విషయం ఎజెండాలోనే లేదు.

ఇక ప్రచారం సంగతికి వద్దాం. ధనిక దేశాల సంఘాలు ముందుగా తమ చేతిలో ఉన్న పాత పద్ధతులనే బయటికి తీశాయి. ఉపవాసం, యాత్ర.

2008 శ్రమకాలంలో, అంటే ఈస్టరుకి ముందు నలభై రోజుల్లో, ఇంగ్లండులో లివర్‌పూల్, లండన్ బిషపులు టియర్‌ఫండ్ సంస్థతో కలిసి కార్బన్ ఉపవాసం పెట్టారు. మొదటి రోజు పని, ఇంట్లో బాగా కనబడే చోట ఒక బల్బు పీకేయాలి. నలభై రోజులూ ఆ మూల చీకటిగానే ఉండాలి. ఆఖరి రోజు తక్కువ కరెంటు తినే బల్బు పెట్టుకోవాలి. దానివల్ల మిగిలిన కరెంటు ఎంతని లెక్కవేస్తే నవ్వొస్తుంది. కానీ రోజూ చెయ్యి అలవాటుగా స్విచ్ మీదికి వెళ్లి ఆగడం ఉంది చూశారూ, వాళ్లు కోరింది అదే.

2013 నవంబరులో పోలండులోని వార్సాలో వాతావరణ సదస్సు మొదలవడానికి మూడు రోజుల ముందే హయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌ని తుడిచిపెట్టింది. ఆరువేలమందికి పైగా చనిపోయారు. ఆ దేశం తరఫున చర్చలకి వచ్చిన యెబ్ సాన్యో వేదిక మీద మాట్లాడుతూ, అర్థవంతమైన నిర్ణయం వచ్చేదాకా ఈ సదస్సులో అన్నం ముట్టనన్నాడు. ఆయన సోదరుడు ఆ సమయంలో తాక్లోబాన్ పట్నంలో శవాలు మోస్తున్నాడు. ఆ నిరాహారదీక్ష చూసి ఎన్నో దేశాల్లో క్రైస్తవులు, ఇతర మతాలవాళ్లు ప్రతి నెలా ఒకటో తేదీన పస్తుండడం మొదలుపెట్టారు. రెండేళ్లకి అదే సాన్యో రోము నుంచి పారిస్‌కి సుమారు 1,500 కిలోమీటర్లు నడిచాడు. పారిస్ సదస్సుకి ముందు అన్ని మతాల సంఘాలూ కలిసి సేకరించిన దాదాపు 18 లక్షల సంతకాలు ఐక్యరాజ్యసమితి అధికారి క్రిస్టియానా ఫిగేరెస్‌కి అందాయి. ఆ ఏడాది జూన్‌లోనే పోప్ ఫ్రాన్సిస్ లేఖ లౌదాతో సీ వచ్చింది. బీద దేశాలకి ధనిక దేశాలు పర్యావరణ బాకీ పడ్డాయని అందులో ఆయన తేల్చి చెప్పారు. పారిస్‌లో ఒప్పందం కుదిరింది. ఇదంతా చర్చిల ఘనతేనని నేను అనను. బొగ్గు లెక్కలు, చమురు ధరలు, చైనా అమెరికాల బేరాలు అందులో చాలా ఉన్నాయి.

నడకలు, పస్తులు, గంటలు పత్రికల్లో ఫొటోలకి పనికొస్తాయి. కంపెనీలకి నిద్ర పట్టకుండా చేసింది మాత్రం వేరే ఉంది. అది డబ్బు. చర్చిల ప్రచారంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచేది ఈ భాగమే, కొంచెం వివరంగా చెబుతాను.

ఇంగ్లండు సంఘానికి చర్చి కమిషనర్లని ఒక సంస్థ ఉంది. పాతకాలపు మాన్యాలు, విరాళాలు పెరిగి పెరిగి, వాళ్ల చేతిలో ఇవాళ సుమారు వెయ్యి కోట్ల పౌండ్ల నిధి ఉంది. పాస్టర్ల పింఛన్లలో కొంతభాగం, బీద పారిష్‌ల ఖర్చులు దాని రాబడితోనే నడుస్తాయి. ఆ నిధిలో కొంత షేర్లలో ఉంటుంది. ఆ షేర్లలో అప్పట్లో చమురు కంపెనీలవీ ఉండేవి. అంటే ఆదివారం వేదిక మీద సృష్టి కోసం ప్రార్థన, సోమవారం చమురు లాభాల్లో వాటా. ఈ విరోధాన్ని సభ్యులే ఎత్తి చూపారు.

వాళ్లు ముందు అమ్మేసి చేతులు కడుక్కోలేదు. వాటాదారుడికి కంపెనీ వార్షిక సమావేశంలో తీర్మానం పెట్టే హక్కు ఉంటుంది, దాన్ని వాడారు. ప్రపంచ దేశాలు వాతావరణ లక్ష్యాలు నిజంగా అమలుచేస్తే మీ వ్యాపారం ఏమవుతుందో లెక్క చెప్పండి అని అమెరికా చమురు దిగ్గజం ఎక్సాన్‌మొబిల్‌ని అడిగారు. న్యూయార్క్ రాష్ట్ర ఉద్యోగుల పింఛను నిధి కూడా తోడు వచ్చింది. 2016లో తీర్మానం ఓడిపోయింది. 2017 మేలో మళ్లీ పెట్టారు. వద్దని యాజమాన్యం చెప్పినా, పోలైన ఓట్లలో 62 శాతానికి పైగా తీర్మానానికి పడ్డాయి. అంతటి కంపెనీ తన సొంత వాటాదారుల ముందు తల వంచవలసి వచ్చింది.

అయినా ఆ కంపెనీల తీరు ఆశించినంత మారలేదు. చివరికి 2023 జూన్‌లో చర్చి కమిషనర్లు ఇక చాలనుకున్నారు. బీపీ, షెల్ సహా మిగిలిన పెద్ద చమురు కంపెనీలన్నిటి షేర్లూ ఆ ఏడాది ముగిసేలోగా వదిలించుకుంటామని ప్రకటించారు. ఇందులో ఒక తమాషా ఉంది. అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ గురువు కాకముందు పదకొండేళ్లు చమురు కంపెనీల్లోనే పనిచేశాడు. చమురు లెక్కలు ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలైతే 2014లోనే బొగ్గు, చమురు కంపెనీల్లో పైసా పెట్టకూడదని నిర్ణయించుకుంది.

ఇప్పుడు మొదట దాచుకున్న జవాబు. ప్రార్థన ఎవరి పేరూ ఎత్తనంత వరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. ప్రభువా, భూమిని కాపాడు అంటే చమురు కంపెనీ అధికారి కూడా ఆమెన్ అంటాడు. ఫలానా కంపెనీ, ఫలానా చట్టం, ఫలానా ఓటు అని పేరు పెట్టినప్పుడు కుర్చీలు కదులుతాయి. 350 గంటలు వృథా అయ్యాయని నేను అనుకోను. అవి మోగాయి కాబట్టే, ఎనిమిదేళ్ల తర్వాత షేర్ల సభలో చెయ్యెత్తినవాళ్లకి వెనకాల ఒక సంఘం ఉందన్న ధైర్యం వచ్చిందని నా నమ్మకం.

ఎదురు వాదన చర్చిలోనే ఉందని కూడా చెప్పాలి. అమెరికాలో కార్న్‌వాల్ అలయన్స్ అనే బృందం, భూమిని దేవుడు దృఢంగానే చేశాడు, మనుషులు దాన్ని పాడుచేయలేరు, బొగ్గు మానేస్తే నష్టపోయేది పేదలేనని 2009లో ప్రకటన చేసింది. ఇలాంటి వాదనకి విరుగుడు కూడా, అంతకు ముందే, ఒక భక్తుడి నుంచే వచ్చింది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నివేదికల్లో మొదటి వాటికి సారథ్యం వహించిన సర్ జాన్ హౌటన్ వేల్స్‌లో పుట్టిన గట్టి విశ్వాసి. అమెరికా ఇవాంజెలికల్ పెద్దల ముందు కూర్చుని, బైబిలు ఒక చేత్తో, గణాంకాలు ఒక చేత్తో పట్టుకుని ఓపిగ్గా నచ్చజెప్పాడు. కొందరు మారారు.

మన దగ్గర ఆ వాదన వేరే వేషంలో వస్తుంది. తుపాను వచ్చినా, కరువు వచ్చినా, ఉజ్జీవ కూటాల్లో అది క్రీస్తు రెండో రాకడకి గుర్తు అయిపోతుంది. ఇవన్నీ జరగవలసినవే, మీరు సిద్ధపడండి, అంతే. విన్నవాళ్లు కన్నీళ్లతో ఇంటికి వెళ్తారు. కరకట్ట ఎందుకు తెగిందని ఎవరినీ అడగరు.

అలాగని మన సంఘాలు చేతులు ముడుచుకు కూర్చున్నాయనడం అన్యాయం. మెదక్ చర్చి చూసినవాళ్లు అందులో గాజు కిటికీలు చూస్తారు గానీ, పదేళ్ల పాటు సాగి 1924 క్రిస్మసుకి పూర్తయిన ఆ కట్టడం వేలమందికి కరువు పని అన్న సంగతి మరిచిపోతారు. తిండి కోసం వచ్చినవాళ్లకి, ఆ చర్చి కట్టించిన పాస్నెట్ దొర పనీ, తిండీ ఇచ్చాడు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమని ముంచేశాక, చర్చిల సేవా సంస్థ కాసా మన తీరంలో తుపాను షెల్టర్లు కట్టించింది. దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అనేది, పర్యావరణానికి ప్రత్యేక విభాగమే పెట్టి, ఏటా జూన్‌లో పర్యావరణ ఆదివారం పాటిస్తోంది.

ఆ ఆదివారం ఎక్కువచోట్ల ఎలా జరుగుతుందో మీకు తెలుసు. ఒక ఫ్లెక్సీ, ఒక మొక్క, పాస్టరు గారితో పెద్దలంతా కలిసి ఆ మొక్కని పట్టుకున్న ఒక ఫొటో. పోయినేడు నాటిన మొక్క ఏమైందని అడిగేవాడు దుర్మార్గుడు.

ఇంకో ఇబ్బంది ఉంది. కార్బన్ ఉపవాసం తిన్నది అరగనివాళ్ల కోసం పుట్టింది. మన పల్లె సంఘాల్లో ఎక్కువమంది దళితులు, కూలీలు, కౌలుదార్లు, తీరంలో మత్స్యకారులు. ఇంట్లో ఉన్నవే రెండు బల్బులైతే ఏది పీకమంటాం? ఈ పొగలో వాళ్ల వాటా ఎంతని? వాళ్లకి ఇది ఎండ సమస్య. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకి చనిపోయినవాళ్లు పదిహేను వందలకు పైనే. వాళ్లలో ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లు, ముసలివాళ్లు. తువాలు పాస్టర్లు నోవహు కథని తిప్పి చెప్పినట్టు మనవాళ్లు తిప్పి చెప్పవలసింది ఈ ఎండ గురించే. పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. ఏప్రిల్, మే నెలల్లో ఏ చెరువు పని దగ్గరికైనా వెళ్లి చూడండి, ఎక్కడ ఉన్నాయో.

ప్రతి ఆదివారం యాభై అరవైమంది కూలీలు ఒకచోట చేరే స్థలం ఊళ్లో చర్చి కాకుండా ఇంకెన్ని ఉన్నాయి? వాళ్లలో సంతకం చేయగలిగిన పిల్లలున్నారు, అర్జీ రాయగలిగిన పాస్టరు గారున్నారు, మైకు ఎలాగూ ఉంది. సెప్టెంబరు ఒకటి దాకా ఆగనక్కర్లేదు, మన ఎండలు ఫిబ్రవరి చివరికే మొదలవుతాయి. మొదటి అర్జీ ఎంపీడీవో గారికి పెట్టాలా, కలెక్టరు గారికి పెట్టాలా అన్నది ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు, ఆడవాళ్ల మైత్రి కూటమి కలిసి కూర్చుని తేల్చుకోవలసిన మాట.